సియాటెల్‌లో ఏడుగురు, యెరూషలేములో ఏడుగురు

(యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



వైద్యం అందరికీ సరిపోనప్పుడు ఎవరికి ముందు ఇవ్వాలి? ఎవరిని ఆగమనాలి? ఆ మాట ఎవరు చెప్పాలి? ఈ పూట మాకిచ్చిన అంశం ఇదే. రేషన్ అనే మాట మన ఇళ్లకు కొత్త కాదు. బియ్యానికి, చక్కెరకి, కిరసనాయిలుకి వరుసలో నిలబడి పెరిగినవాళ్లం. ఉన్నది తక్కువ, కావలసినవాళ్లు ఎక్కువ అయినప్పుడు ఒక లెక్క ప్రకారం పంచడమే రేషన్. బియ్యం తక్కువైతే ఒక పూట గంజితో గడుస్తుంది. వైద్యం తక్కువైతే అలా గడవదు. అక్కడ వరుసలో వెనకబడితే ఒక్కోసారి ప్రాణమే పోతుంది.

ఇతరుల సంగతి మాట్లాడే ముందు మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

కొన్నేళ్ల కిందట మా వైద్య సహాయ నిధిలో కొద్ది డబ్బే మిగిలింది. ఒకే వారంలో రెండు అర్జీలు వచ్చాయి. ఒకటి సంఘంలో అందరికీ తెలిసిన కుటుంబం నుంచి. ఆదివారం ఆరాధన మానరు, కానుకలు మానరు, అమ్మాయి గాయక బృందంలో పాడుతుంది. ఆ ఇంటి తల్లికి మోకాలి ఆపరేషన్ చేయించాలి. రెండోది మార్కెట్ యార్డులో మూటలు దించే ఒక హమాలీది. బాప్తిస్మం తీసుకున్నవాడే గాని, మందిరానికి రావడం మానేసి ఏళ్లయింది. తాగుతాడని పేరు. కిడ్నీలు చెడిపోయి డయాలసిస్ మొదలుపెట్టారు, డబ్బు అయిపోయింది.

మేము పది నిమిషాల్లో తేల్చేశాం. డబ్బు మోకాలి ఆపరేషన్‌కు ఇచ్చాం. అది రెండు నెలలు ఆగగలదా అని ఒక్క డాక్టరునైనా అడగలేదు. డయాలసిస్ ఆగలేదని మాత్రం మాలో అందరికీ తెలుసు. ఆ హమాలీ తర్వాతి నెలలో చనిపోయాడు. మేమిచ్చే డబ్బుతో ఆయన ఎన్నాళ్లు బతికేవాడో చెప్పలేం. కానీ మేము వేసుకున్న ప్రశ్నే తప్పు. ఎవరికి ఎక్కువ అవసరం అని అడగవలసిన చోట, ఎవరు ఎక్కువ యోగ్యులు అని అడిగాం.

ఆ తర్వాత చదువుకుంటుంటే, ఇదే ప్రశ్న వేసిన మరో కమిటీ సంగతి తెలిసింది. అది అమెరికాలోని సియాటెల్ నగరంలో. డాక్టర్ బెల్డింగ్ స్క్రిబ్నర్ 1960లో రోగి చేతికి ఎప్పటికీ ఉంచగల ఒక గొట్టం అమర్చే పద్ధతి కనిపెట్టాడు. అంతకుముందు డయాలసిస్ కొద్దిసార్లే చేయగలిగేవారు. ఆ గొట్టంతో ఏళ్ల తరబడి చేయవచ్చని తేలింది. 1962లో అక్కడ డయాలసిస్ కేంద్రం తెరిచారు. మంచాలు కొన్నే, రోగులు చాలామంది. ముందు డాక్టర్లు ఎవరికి ఈ చికిత్స పనికొస్తుందో చూసి కొందరి పేర్లు ఇచ్చేవారు. అందులోంచి ఎవరిని బతికించాలో తేల్చడానికి ఏడుగురితో కమిటీ వేశారు. ఒక పాస్టరు, ఒక లాయరు, ఒక గృహిణి, ఒక బ్యాంకరు, ఒక కార్మిక నాయకుడు, ఒక ప్రభుత్వాధికారి, ఒక సర్జను. వాళ్ల పేర్లు బయటికి చెప్పలేదు.

వాళ్లు ఏమేం చూశారు? వయసు, పెళ్లి, పిల్లలు, ఆదాయం, చదువు, ఉద్యోగం. వాటితోపాటు, రోగి చర్చికి వెళ్తాడా లేదా అన్నది కూడా. 1962 నవంబరులో లైఫ్ పత్రికలో షానా అలెగ్జాండర్ రాసిన వ్యాసంతో ఇదంతా లోకానికి తెలిసింది. జనం దానికి పెట్టిన పేరు ‘దేవుడి కమిటీ’. ఆ ఏడుగురూ దుర్మార్గులు కారు. జీతం తీసుకోకుండా, బరువైన మనసుతో కూర్చున్నవాళ్లే. అయినా వాళ్ల తూకంలో ఎవరు నెగ్గుతారు? వాళ్లలాంటివాళ్లే. ఇల్లూ ఉద్యోగమూ ఉన్నవాడు నెగ్గుతాడు. ఒంటరివాడు, కూలివాడు, గుడి మెట్లు ఎక్కనివాడు ఓడిపోతాడు. మా పది నిమిషాల మీటింగులో జరిగింది కూడా అదే.

ఆ కమిటీ కథ ఎలా ముగిసిందో కూడా వినండి. 1971 నవంబరులో ఒక రోగి అమెరికా కాంగ్రెసు కమిటీ ముందు, చట్టసభ సభ్యులు చూస్తుండగానే డయాలసిస్ చేయించుకున్నాడు. 1972లో, ఏ వయసువారికైనా కిడ్నీ వైఫల్యం వస్తే ప్రభుత్వ బీమా కింద చికిత్స ఇచ్చేలా చట్టం వచ్చింది. ఎవరిని ఎంచుకోవాలి అనే ప్రశ్న, యంత్రాలు ఎందుకు ఇన్నే ఉన్నాయి అనే ప్రశ్నగా మారింది. ఆ కమిటీకి పనే లేకుండా పోయింది.

అయితే ప్రభుత్వం తలుచుకుంటే కొరత అనేదే ఉండదా? అలా అనుకోవడం కూడా అమాయకత్వమే. ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక డయాలసిస్ యంత్రం ఉంది. ఒక్కో రోగికి సుమారు 4 గంటలు. రోజుకు 3 విడతలు, వారానికి 6 రోజులు. మొత్తం 18 విడతలు. రోగికి వారానికి 3 సార్లు చేస్తే 6 మంది సరిపోతారు. ఏడో మనిషి వస్తే? అతన్ని వెనక్కి పంపాలా? లేక అందరికీ 3 సార్ల నుంచి 2 సార్లకు తగ్గించి 9 మందికి చోటివ్వాలా? తగ్గిస్తే ఒంట్లో నీరు చేరుతుంది, ఆయాసం వస్తుంది, మొదటి ఆరుగురి ఆరోగ్యం దెబ్బతింటుంది. తగ్గించకపోతే ఏడో మనిషి చనిపోతాడు. మన దేశంలో వారానికి రెండుసార్లతో సరిపెట్టుకునేవాళ్లే ఎక్కువ. దీనికి మంచి మనసు ఒక్కటే చాలదు. లెక్క కావాలి, వైద్యుల మాట కావాలి, ఆ తర్వాత రెండో యంత్రం కోసం పోరాటం కావాలి.

ఇప్పుడు మన వీధుల్లోకి వద్దాం. మన దగ్గర సియాటెల్ లాంటి కమిటీ ఏదీ కనపడదు. అయినా పంపకం ప్రతిరోజూ జరుగుతూనే ఉంది. పంచేవాడి ముఖం మాత్రం మనకు కనపడదు.

మొదటిది డబ్బు. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2013-14లో దేశంలో వైద్యానికయ్యే ప్రతి 100 రూపాయల్లో 64 రూపాయలు జనం జేబులోంచే పోయేవి. 2021-22 నాటికి అది 39కి తగ్గింది. తగ్గినందుకు సంతోషమే. కానీ ఆ 39 రూపాయలు లేనివాడిని ఏ కమిటీ తిరస్కరించనక్కర లేదు. బిల్లు చూసి వాడే ఇంటికి పోతాడు.

రెండోది దూరం. 2016 కేంద్ర బడ్జెట్‌లో జాతీయ డయాలసిస్ కార్యక్రమం ప్రకటించారు. జిల్లా ఆసుపత్రుల్లో పేదలకు ఉచితం. మంచి పథకం. కానీ డయాలసిస్ ఉచితమైనా బస్సు ఉచితం కాదు. పోయిన కూలీ తిరిగి రాదు. తోడు వచ్చిన భార్య కూలీ కూడా పోతుంది. వారానికి రెండుసార్లు, నెలకు ఎనిమిదిసార్లు, ఇద్దరి కూలీ. ఉచిత వైద్యాన్ని కూడా మధ్యలో మానేసేది అందుకే.

మూడోది కాగితం. ఇది మనలాంటివాళ్లకు బాగా తెలిసిన బాధ. తాతల కాలంలో కర్ణాటకకో, తమిళనాడుకో, మహారాష్ట్రకో, ఒడిశాకో వచ్చి స్థిరపడినవాళ్లం. ఇంటిపేరు ఒక కార్డులో ముందు, ఇంకో కార్డులో వెనక. బాప్తిస్మపు పేరు ఒకటి, బడిలో రాసిన పేరు ఇంకొకటి. తెలుగు పేరును కన్నడంలో ఒకలా, ఇంగ్లీషులో మరోలా రాస్తారు. ఆధార్‌లోని పేరు, రేషన్ కార్డులోని పేరు కలవలేదని కౌంటరు దగ్గర వెనక్కి పంపిన అమ్మమ్మలతో మేము ఎన్నిసార్లు తిరిగామో. యానాంవాళ్లకు పెద్దాసుపత్రి అంటే పక్కనున్న కాకినాడ. గంటలో వెళ్లొచ్చు. కానీ అక్కడి ప్రభుత్వం వేరు, ఇక్కడి కార్డు వేరు.

ఇంకొక తలుపు ఉంది. ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వైద్యం అని 2018లో మొదలుపెట్టారు. పల్లెల్లో అర్హులను 2011 సామాజిక ఆర్థిక సర్వే కొలమానాలతో ఎంచారు. అందులో షెడ్యూల్డ్ కులాల కుటుంబం కావడం ఒక కొలమానం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఆ జాబితాలో లేడు. మిగతా కొలమానాలతో అతను లోపలికి రావచ్చు. కానీ అదే వాడలో, అదే కూలి చేసుకునే పక్కింటివాడికి తెరిచిన ఆ ఒక్క తలుపు ఇతనికి మూసే ఉంది.

నాలుగోది వరుస. ‘ముందు వచ్చినవారికి ముందు’ అంటే న్యాయంగానే వినపడుతుంది. యోహాను సువార్త 5వ అధ్యాయంలో బేతెస్ద కోనేరు దగ్గర ఉన్న పద్ధతి అదే. నీళ్లు కదిలినప్పుడు ముందు దిగినవాడికే స్వస్థత. 38 ఏళ్లుగా జబ్బుతో ఉన్న మనిషి అక్కడ పడి ఉన్నాడు. నియమం అతన్ని వెళ్లగొట్టలేదు. అతన్ని దింపడానికి మనిషి లేడు, అంతే. ఉదయం ఆరింటికి టోకెన్లు ఇస్తారంటే ఎవరికి అందుతుంది? ఆసుపత్రి పక్కన ఉన్నవాడికి, కూలి పోదని భయం లేనివాడికి, గోడమీద ఒడియాలోనో మరాఠీలోనో రాసింది చదవగలవాడికి. మనిషి లేనివాడు ఎప్పుడూ రెండోవాడే. ప్రభువు ఆ రోజు చేసినది గమనించండి. అందరికంటే బలహీనుడి దగ్గరికి తానే వెళ్లాడు. అతని పాపపుణ్యాల చిట్టా అడిగి స్వస్థపరచలేదు.

మరి ఆర్థికవేత్తలు ఏమంటారు? ఉన్న డబ్బుతో ఎక్కువమందికి ఎక్కువ ఆరోగ్యం వచ్చేలా ఖర్చుపెట్టమంటారు. ఈ మాటను తేలిగ్గా తీసేయకండి. ఒక ఖరీదైన మందుకు పెట్టిన డబ్బుతో వందలమంది పసిపిల్లలకు టీకాలు వేయగలిగితే, ఆ పిల్లల తల్లులు మన ముందు నిలబడి ఏడవకపోయినా వాళ్లూ మన పొరుగువాళ్లే. కంటికి కనపడినవాడి మీద జాలి, కనపడనివాడి మీద మరుపు న్యాయం కాదు. అందుకే లెక్క అవసరం.

కానీ లెక్కను గుడ్డిగా నమ్మినా ప్రమాదమే. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం పేదల వైద్య పథకానికి ఏ చికిత్సలకు డబ్బివ్వాలో వరుసగా ఒక జాబితా తయారుచేసింది. 1990లో వచ్చిన మొదటి జాబితాలో పంటికి తొడుగు వేయడం అపెండిసైటిస్ ఆపరేషన్ కన్నా పైన ఉంది. పంటి ఖర్చు చిన్నది కాబట్టి సూత్రం ప్రకారం అదే లాభం. అపెండిక్స్ పగిలితే మనిషి చనిపోతాడని ఆ సూత్రానికి తెలియదు. జనం విస్తుపోయారు, జాబితా మార్చారు. తర్వాత 1992లో కేంద్ర ప్రభుత్వం ఆ పథకాన్ని వెనక్కి పంపింది, వికలాంగుల జీవితానికి తక్కువ విలువ కడుతోందని. మళ్లీ సరిచేశాక 1994లో అమలైంది. ఆ జాబితాలో తప్పులున్నాయి. అయినా ఒక మంచి ఉంది. అది గోడమీద రాసిన జాబితా. అందరూ చూశారు, తిట్టారు, మార్పించారు. మన దగ్గర జరిగే పంపకాన్ని తిట్టడానికైనా రాతలో ఎక్కడా దొరకదు.

ఇంతవరకూ ఉన్నదాన్ని ఎలా పంచాలో మాట్లాడుకున్నాం. ఇప్పుడు అసలు సంగతి. ఉన్నది ఇంతే అని ఎవరు చెప్పారు?

హెచ్ఐవీ సంగతి మన సంఘాలకు బాగా తెలుసు. ఆ రోజుల్లో మనం చూపిన జాలి కన్నా వేసిన నింద ఎక్కువ. మందులకు ఒక్కో రోగికి ఏడాదికి 10,000 డాలర్లకు పైగా అయ్యేది. అంత డబ్బుతో ఎవరికివ్వాలి అని పండితులు తలలు పట్టుకున్నారు. 2001లో మన దేశపు సిప్లా కంపెనీ మూడు మందులను కలిపి ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామంది. 1970 పేటెంట్ చట్టం మందు తయారీ పద్ధతికే తప్ప మందుకు పేటెంటు ఇవ్వలేదు కాబట్టి అది సాధ్యమైంది. 2004 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం ఉచితంగా ఈ మందులివ్వడం మొదలుపెట్టింది. మొదట ఎంచుకున్న రాష్ట్రాల్లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర ఉన్నాయి. అప్పుడు ముఖ్యంగా సీడీ4 కణాల లెక్క 200 కన్నా తగ్గినవాళ్లకే. ఆ గీత మెల్లగా పైకి జరిగింది. 2017 నుంచి పాజిటివ్ అని తేలిన ప్రతివారికీ ఇస్తున్నారు. రోగులు మారలేదు, జబ్బు మారలేదు. ధర మారింది, చట్టం తోడయింది, రోగులే సంఘాలు కట్టి అడిగారు. ‘ఇంతే ఉంది’ అన్న మాట అబద్ధమని తేలింది.

తమిళనాడులో ఉన్న మీకు ఇంకో ఉదాహరణ తెలుసు. 1994లో ఏర్పడిన అక్కడి వైద్య సేవల సంస్థ మందులను బ్రాండు పేర్లతో కాకుండా అసలు పేర్లతో, టెండర్ల మీద, మొత్తం రాష్ట్రానికి కలిపి కొంటుంది. అదే డబ్బుకు ఎక్కువ మందులు వస్తాయి. ఒడిశా సరిహద్దు సహోదరులకు ఉద్దానం తెలుసు. కిడ్నీ జబ్బుతో ఊళ్లకు ఊళ్లు కుంగిపోయాక, ఏళ్ల ఆందోళనల తర్వాత, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. మంచాలు ఆకాశంలోంచి ఊడిపడవు. అడిగితే వస్తాయి.

అడిగే హక్కు ఉందా? ఉంది. 1992లో పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక వ్యవసాయ కూలీని ఒకదాని తర్వాత ఒకటిగా ప్రభుత్వ ఆసుపత్రులు మంచం లేదనో, సౌకర్యం లేదనో పంపేశాయి. 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అత్యవసర వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమే అంది. డబ్బు లేదన్న సాకు చెల్లదంది. 2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రభుత్వ ఖర్చును 2025కల్లా జాతీయ ఉత్పత్తిలో 2.5 శాతానికి తెస్తామంది. 2021-22లో అది 1.84 శాతం. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీలో ఎన్ని యంత్రాలు, ఎంతమంది నర్సులు ఉన్నారో లెక్కేసుకోండి.

చివరగా, ఇంకో ఏడుగురి సంగతి. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం. యెరూషలేము సంఘంలో రోజూ విధవరాండ్రకు భోజనం పంచేవారు. అందులో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రు వెనకబడిపోయారు. పరాయిభాష వాళ్లు, వేరేచోట నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. అంటే మనలాంటివాళ్లే. సణుగుడు వినపడింది. అపొస్తలులు ఫిర్యాదు చేసినవాళ్లను మందలించలేదు. ఓర్చుకోమని చెప్పి పంపలేదు. ఏడుగురిని ఏర్పాటు చేశారు. స్తెఫను, ఫిలిప్పు మొదలైన ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. వెనకబడినవాళ్ల భాష తెలిసినవాళ్లకే పంపకం అప్పగించారు.

సియాటెల్‌లో ఏడుగురు కూర్చుని ఎవరు యోగ్యులో తేల్చారు. యెరూషలేములో ఏడుగురు లేచి ఎవరు మిగిలిపోయారో వెతికారు. మా నిధి కమిటీ చాలాకాలం మొదటిదానిలా నడిచింది. ఇప్పుడు రెండోదానిలా నడవడం నేర్చుకుంటున్నాం.

యౌవనస్థులారా, మీరు చేయగల పనులు మూడు చెప్తాం.

ప్రతి సంఘంలో ఏడుగురు సిద్ధపడండి. కార్డుల్లో పేర్లు సరిచేయించడం, స్థానిక భాషలో ఫారాలు నింపడం, ఎవరూ లేనివాళ్లకు తోడుగా ఆసుపత్రికి వెళ్లడం. కోనేటిలో దింపే మనిషి మీరే కావాలి. ఆ మనిషి క్రైస్తవుడా, ముస్లిమా, హిందువా, ఆదివారం వస్తాడా అని అడగకండి.

రెండోది, సంఘ నిధి నియమాలు రాసి తలుపుకు అంటించండి. ఏది ఆగగలదు, ఏది ఆగలేదు అన్నది ఒక డాక్టరును అడిగి తేల్చండి. కాదన్నప్పుడు కారణం చెప్పండి, మళ్లీ అడిగే దారి ఉంచండి.

మూడోది, వరుసలో ఉన్నవాళ్లను ఓదార్చి ఊరుకోకండి, వరుస ఇంత పొడవెందుకని అడగండి. మీ జిల్లా ఆసుపత్రిలో ఎన్ని డయాలసిస్ యంత్రాలున్నాయి, ఎన్ని పనిచేస్తున్నాయి, ఎంతమంది వేచి ఉన్నారు? సమాచార హక్కు దరఖాస్తు పది రూపాయల పని. జవాబు తెచ్చి సంఘంలో చదవండి, పక్కవీధి మసీదులోనూ దేవాలయంలోనూ ఉన్నవాళ్లకూ చూపండి, అందరూ కలిసి కలెక్టరు దగ్గరికి వెళ్లండి.

ఆ హమాలీ భార్య ఇప్పటికీ అదే మార్కెట్‌లో కూరగాయలు ఏరి అమ్ముతుంది. కిందటేడు మేము వెళ్లి క్షమించమని అడిగాం. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, తన వీధిలో ఇంకొకతనికి డయాలసిస్ మొదలైందని, అతనికి కార్డు లేదని చెప్పింది. చిరునామా రాసుకుని అటునుంచి అటే వెళ్లాం.

ప్రభువు మనందరికీ అలా వెళ్లే కాళ్లు ఇచ్చును గాక. ఆమేన్.